గొణిగాడా, గుసగుసలాడాడా: ఇంగ్లీషు క్రియలు తెలుగులోకి వచ్చేటప్పుడు విడిపోయే చోట్లు

ఇంగ్లీషు కథల్ని తెలుగు చేసేవాళ్ళకీ, తెలుగు పిల్లలకు ఇంగ్లీషు నేర్పేవాళ్ళకీ ఒక ఉమ్మడి అలవాటుంది. 'విస్పర్' కనబడగానే గుసగుసలాడు, 'మటర్' కనబడగానే గొణుగు, 'షౌట్' కనబడగానే అరుచు. క్రియకు క్రియ. నిఘంటువులు అలాగే నేర్పాయి, పరీక్షలు అలాగే అడిగాయి. ఈ పద్ధతి రెండు భాషలకూ అన్యాయం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. పై మూడూ నిత్యం వాడే మాటలు కాబట్టి నష్టం వెంటనే కనబడదు. మాటలాడటం, ముద్దుపెట్టుకోవడం, నీళ్ళ చప్పుడు అనే మూడు గుంపుల్ని పక్కపక్కన పెడితే మాత్రం బాగా కనబడుతుంది.

ఇంగ్లీషు క్రియ ఏం జరిగిందన్నదాన్నీ ఎలా జరిగిందన్నదాన్నీ ఒకే మాటలో కుక్కుతుంది. కదలికను చెప్పే క్రియల విషయంలో లెనర్డ్ టాల్మీ అనే భాషావేత్త 1985లో ఈ తేడాను రకరకాల భాషల్లో పట్టి చూపించాడు. తెలుగు చాలాచోట్ల ఆ రెంటినీ విడదీస్తుంది. చప్పుడు, తీరు, వేగం క్రియకు ముందొచ్చే జంటమాటలోకి పోతాయి: గలగలా, గబగబా, గుసగుసగా. క్రియ ఖాళీగా ఉండిపోదు, అందులో ఇంకో సంగతి ఉంటుంది. ఆ సంగతేమిటో తెలియకుండా అనువాదం చేస్తే అర్థం సగమే దాటుతుంది.

మాటతో మొదలుపెడదాం. ఇంగ్లీషులో తగ్గుగొంతుకు నాలుగు క్రియలున్నాయి. 'విస్పర్'లో స్వరతంతువులు కంపించవు, వచ్చేది గాలి మాత్రమే. గొంతు మీద వేలు పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. 'మర్మర్'లో గొంతు పలుకుతుంది, కానీ మెత్తగా, ఎడతెగకుండా. అందులో కోపం ఉండనక్కర్లేదు, ప్రేమ కూడా ఉండొచ్చు. 'మటర్'లో అసంతృప్తి ఉంటుంది, ఎదుటివాడికి పూర్తిగా వినబడకూడదన్న ఉద్దేశం ఉంటుంది. 'మంబుల్'లో లోపం ఉచ్చారణది: పెదాలు సరిగ్గా విచ్చుకోవు, మాట ముద్దగా వస్తుంది. నిద్రమత్తులో ఉన్నవాడూ సిగ్గుపడే పిల్లవాడూ చేసేది మంబులే. చివరి మూడింటికీ మన నిఘంటువుల్లో తరచుగా దొరికేది ఒకే మాట, గొణుగు. ప్రేమతో మర్మర్ చేసిన అమ్మాయి తెలుగులో గొణిగిందంటే పాఠకుడికి ఆమె విసుక్కుంటోందనే అనిపిస్తుంది. అక్కడ 'మెల్లగా అంది' చాలు. మంబుల్‌కి 'నోట్లో నోట్లోనే అన్నాడు', 'ముద్దముద్దగా అన్నాడు' అనేవి మనకున్నాయి. గొణుగు అన్నది మటర్‌కి ఉంచుకోవాలి, అక్కడే అది అతుకుతుంది.

విస్పర్‌తో ఇంకో చిక్కుంది. గుసగుసలాడటానికి కనీసం ఇద్దరు కావాలి, కొంత సేపు కావాలి, కాస్త రహస్యం కూడా కావాలి. చీకట్లో ఒకడు ఇంకొకడితో 'కదలకు' అనే ఒక్క మాట విస్పర్ చేస్తే, దాన్ని '"కదలకు" అని గుసగుసలాడాడు' అని రాయడం తెలుగు కాదు. 'చెవిలో అన్నాడు' అనో, 'గొంతు తగ్గించి అన్నాడు' అనో రాయాలి. పెళ్ళిలో మూల కూర్చున్న నలుగురు ఆడవాళ్ళు చేసేదైతే అది గుసగుసలే.

మరి తెలుగు మాటక్రియల్లో ఉన్నదేమిటి? చాలావాటిలో ఉన్నది చప్పుడు కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న లెక్క. కసరడం పైవాడు కిందివాడి మీద చేసేది. కొడుకు తండ్రిని కసిరాడంటే అదే ఒక వార్త. గదమాయించడంలో అధికారం ఉంది. దబాయించడంలో తప్పు తనవైపే ఉన్నా గొంతు పెంచడం ఉంది. బుకాయించడంలో దొరికిపోయాక కూడా కాదనడం ఉంది. నసగడంలో ఒప్పుకోలేక, కాదనలేక సాగదీయడం ఉంది. సణగడంలో అదే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ రావడం ఉంది. వదరడం, వాగడం అన్నప్పుడు చెప్పేవాడు అవతలివాడి మాటను ముందే తీసిపారేశాడు. వీటిలో చాలావాటికి ఇంగ్లీషులో సరిసమానమైన ఒక్క క్రియ దొరకదు. 'నసిగాడు' అన్నదాన్ని ఇంగ్లీషు చెయ్యాలంటే 'హెమ్డ్ అండ్ హాడ్' అని రెండు క్రియలు కలిపి వాడాలి. తెలుగుకు మాటక్రియలు తక్కువన్న మాట తరచుగా వింటుంటాం. ఇంగ్లీషు కొలతతో కొలిస్తేనే అవి తక్కువ.

వ్యాకరణం దగ్గర తప్పులు ఎక్కువగా జరిగేవి 'సే', 'టెల్' మధ్య. 'హీ సెడ్ మీ', 'హీ టోల్డ్ దట్ హీ విల్ కమ్' అనేవి మనవాళ్ళ ఇంగ్లీషులో పాతుకుపోయిన రూపాలు. కారణం సులువుగానే కనబడుతుంది. తెలుగులో చెప్పు అనే క్రియ వినేవాడు లేకుండానూ నిలబడుతుంది: 'వస్తానని చెప్పాడు'. టెల్ అలా నిలబడదు, దానికి వెంటనే వినేవాడు కావాలి: 'టోల్డ్ మీ', 'టోల్డ్ హర్'. సే తర్వాత వినేవాడిని తేవాలంటే 'టు' కావాలి. మొదటి మెట్టుగా అన్నాడు అంటే సే, ఫలానావాళ్ళకు చెప్పాడు అంటే టెల్ అని పట్టుకుంటే చాలావరకు గట్టెక్కవచ్చు. ఆ తర్వాత మినహాయింపులు నేర్చుకోవాలి. కథ, అబద్ధం, నిజం, టైము చెప్పడం టెల్. సారీ, థ్యాంక్స్, హలో, ప్రార్థన చెప్పడం సే. నోటితో అన్న మాటే పని అయిపోయేచోట సే, ఒక విషయం అవతలివాడికి చేరాల్సినచోట టెల్ అని గమనిస్తే ఇవి కూడా గుర్తుంటాయి. 'ఎక్స్‌ప్లెయిన్ మీ', 'సజెస్ట్ మీ' అన్నవీ 'సెడ్ మీ' లాంటి తప్పులే. 'నాకు' అనే మన చతుర్థి నేరుగా 'మీ' అయిపోతుంది.

తీరు చెప్పే మాటక్రియలన్నీ ఈ విషయంలో సే పక్షమే. విస్పర్, మటర్, షౌట్, స్క్రీమ్ ఏవీ టెల్ లాగా రెండు కర్మల్ని పక్కపక్కన తీసుకోవు. 'విస్పర్డ్ మీ ద న్యూస్' అనకూడదు, 'విస్పర్డ్ ద న్యూస్ టు మీ' అనాలి. ఆర్నల్డ్ జ్వికీ అనే భాషావేత్త 1971లో ఈ క్రియల్ని ఒక గుంపుగా తీసి వాటి స్వభావాన్ని వివరించాడు. సే తర్వాత 'దట్' వదిలేసినా వాక్యం సాఫీగా పోతుంది. మటర్, మంబుల్ తర్వాత వదిలేస్తే చాలామంది ఇంగ్లీషు వాళ్ళ చెవికి గుచ్చుకుంటుంది. మనకు ఈ బాధ లేదు. తెలుగులో 'అను' తప్ప ఏ మాటక్రియకైనా 'అని' తప్పదు, అందుకే ఇంగ్లీషు రాసేటప్పుడు దట్ ఉంచడమే మనకు క్షేమం.

'షౌట్' విషయంలో తెలుగు చెవి మనకు సాయం చేస్తుంది. 'షౌటెడ్ ఎట్ మీ' అంటే కోపం, 'షౌటెడ్ టు మీ' అంటే దూరం. నా మీద అరిచాడు, నన్ను కేకేశాడు అన్న తేడా మనకు పుట్టుకతో ఉన్నదే. 'మీద' ఉన్నచోట 'ఎట్' పెడితే సరిపోతుంది. తెలంగాణలో ఒర్రుడు అన్నా ఇదే వర్తిస్తుంది: 'నా మీద ఒర్రకు' అన్నప్పుడు అక్కడ ఎట్ తప్ప మరోటి కుదరదు.

ఇక అనువాదకులు తరచుగా మరిచిపోయే సాధనం ఒకటుంది, కొను. 'హీ మటర్డ్ టు హిమ్‌సెల్ఫ్' గొణుక్కున్నాడు. 'షీ సెడ్ టు హర్‌సెల్ఫ్' అనుకుంది. 'తనకు తాను చెప్పుకుంది' అని రాస్తే అక్కడ ఇంగ్లీషు పొడుచుకొస్తుంది. 'దే ఆర్ నాట్ టాకింగ్' అంటే వాళ్ళు మాట్లాడుకోవడం లేదు. కొను ఒక్కటే రెండు పనులు చేస్తోంది: చేసినవాడి వైపే క్రియను తిప్పడం, ఇద్దరి మధ్య పరస్పరం చేయడం. 'బాధ చెప్పుకుంది' మొదటిది, 'కబుర్లు చెప్పుకున్నారు' రెండోది. తెలంగాణలో ఈ కబుర్లే ముచ్చట్లు, అక్కడ ముచ్చట పెడతారు.

ముద్దు దగ్గర ఈ కొను ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఇంగ్లీషులో 'కిస్' ఒక్క క్రియ. తెలుగులో ముద్దు నామవాచకం, క్రియ పక్కన చేరేది, చేరిన క్రియను బట్టి విభక్తి మారుతుంది. పాపకు ముద్దు పెట్టింది. పాపను ముద్దు పెట్టుకుంది. పాపను ముద్దాడింది. మొదటి దాంట్లో ముద్దు పాపకు అందిన వస్తువు. రెండో దాంట్లో సంతోషం ముద్దుపెట్టిన ఆమెది. మూడోది కొంచెం రాతభాష, అందులో లాలన ఎక్కువ. నేలకూ జెండాకూ అదే బాగా అతుకుతుంది. చుంబించు అన్నది పద్యానికీ పాత నవలకూ సరే, ఇవాళ్టి సంభాషణలో పెడితే మనుషులు నాటకం ఆడుతున్నట్టుంటుంది.

కిస్‌లో ఒక సూక్ష్మం ఉంది. 'జాన్ కిస్డ్ మేరీ' అంటే మేరీ ఊరికే నిలబడి ఉండొచ్చు. 'జాన్ అండ్ మేరీ కిస్డ్' అంటే ఒకే ముద్దు, ఇద్దరిదీ. 'కిస్డ్ ఈచ్ అదర్' అంటే ఆయన ఆమె బుగ్గ మీద, తర్వాత ఆమె ఆయన బుగ్గ మీద పెట్టినా సరిపోతుంది. ప్రాణం లేనిదైతే రెండో రూపం అసలు రాదు: ఆటగాడు కప్పును కిస్ చేయగలడు, ఆటగాడూ కప్పూ కిస్ చేసుకోలేరు. తెలుగు ముద్దుపెట్టుకున్నారు రెండు అర్థాలకూ సరిపోతుంది. సందర్భం వేరు చెయ్యాల్సి వస్తేనే 'ఒకరికొకరు' చేర్చండి. ప్రతిసారీ 'ఒకరినొకరు ముద్దు పెట్టుకున్నారు' అని రాయడం అనవసరమైన బరువు.

శరీరభాగం విషయంలో, 'కిస్డ్ హర్ ఆన్ ద చీక్' అన్నప్పుడు ఇంగ్లీషు మనిషిని కర్మగా నిలబెట్టి బుగ్గను చోటుగా చూపుతుంది. 'కిస్డ్ హర్ చీక్' అంటే దృష్టి బుగ్గ మీదికి పోతుంది. తెలుగులో 'ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టాడు' రెంటికీ సహజం. 'ఆమెను బుగ్గ మీద ముద్దు పెట్టాడు' అన్నది అనువాదపు తెలుగు. ఇంగ్లీషు కిస్ ఫలితాన్ని కూడా తనలో కలుపుకోగలదు: 'కిస్డ్ ద చైల్డ్ గుడ్‌నైట్', 'కిస్డ్ అవే హర్ టియర్స్'. తెలుగులో ఇవి రెండు పనులుగా విడిపోవాల్సిందే. పాపకు ముద్దు పెట్టి పడుకోబెట్టింది. ముద్దులు పెడుతూ కన్నీళ్ళు తుడిచింది. 'పెక్' అంటే పెదాలు ఇలా తగిలి అలా పోయే ముద్దు, ఎక్కువగా బుగ్గ మీద. 'స్నాగ్' బ్రిటన్ వాడుకలో చాలాసేపటి ముద్దు, పెద్దల ముందు అనే మాట కాదు. వీటికి తెలుగు క్రియలు వెతక్కండి. 'బుగ్గ మీద చటుక్కున ఒక ముద్దు పెట్టి వెళ్ళింది' అన్నప్పుడు పెక్ మొత్తం 'చటుక్కున'లో ఉంది.

ఈ చటుక్కున అన్నది నీళ్ళ చప్పుళ్ళకు తలుపు తెరుస్తుంది. తెలుగు ధ్వన్యనుకరణలో ఒకసారి జరిగినదానికీ మళ్ళీ మళ్ళీ జరిగినదానికీ రూపమే వేరు. గుటుక్కున మింగాడు, ఒక్క గుటక. గటగటా తాగాడు, చాలా గుటకలు. కిసుక్కున నవ్వింది, కిలకిలా నవ్వింది. బుడుంగున మునిగింది, బుడబుడా బుడగలొచ్చాయి. ఉక్కున, ఉంగున, ఉమని అంటూ ముగిసేవి ఒంటి చప్పుళ్ళు. జంటగా వచ్చేవి వరస చప్పుళ్ళు. ఇంగ్లీషు ఈ పనిని క్రియ చివర చేసింది. బ్యాబుల్, మంబుల్, డ్రిబుల్ చివరి 'ల్', ప్యాటర్, చాటర్, స్ప్లటర్ చివరి 'అర్' అనేవి చిన్న పని పదేపదే జరగడాన్ని చెప్పే పాత ప్రత్యయాలు. 'ప్యాట్' ఒక్క తట్టు, 'ప్యాటర్' చినుకుల టపటప. అందుకని ఇలాంటి క్రియ కనబడితే తెలుగులో జంటమాట కోసం చూడండి. 'ప్లాప్' లాంటి తోక లేని పొట్టి క్రియ కనబడితే ఒంటిమాట కోసం చూడండి. నూటికి నూరుపాళ్ళు పనిచేసే సూత్రం కాదు. 'డ్రిప్'కి తోక లేకపోయినా కుళాయి డ్రిప్ అవుతోందంటే చుక్క తర్వాత చుక్క పడుతున్నట్టే. అయినా ఎక్కువసార్లు దారి చూపుతుంది. ఈ జంటమాటలు తెలుగుకే పరిమితం కావు. ద్రావిడ, ఇండో-ఆర్య కుటుంబాలు రెంటిలోనూ ఇవి పాతుకుపోయాయనీ, భారతదేశాన్ని ఒకే భాషా ప్రాంతంగా చూడటానికి ఇవి ఒక ఆధారమనీ ఎమెనో అనే భాషావేత్త 1969లో రాశాడు.

అచ్చుల్లో కూడా లెక్కుంది, దాని వెనక కొంత భౌతికశాస్త్రం ఉంది. నీళ్ళు వాటంతట అవి పెద్దగా చప్పుడు చేయవు. చప్పుడు ఎక్కువగా నీళ్ళలో చిక్కుకున్న గాలిబుడగ కంపించడం వల్ల వస్తుంది. మార్సెల్ మిన్నార్ట్ అనే భౌతికశాస్త్రవేత్త 1933లో దీనికి లెక్క కట్టాడు. నీటిపైభాగానికి దగ్గర్లో 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సుమారు 3,300 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, 1 సెంటీమీటరు బుడగ సుమారు 330 దగ్గర. బుడగ పెరిగేకొద్దీ స్వరం దిగుతుంది. చిన్న చుక్క చప్పుడుకు ఇంగ్లీషు 'ప్లింక్' అని ఇకారం వాడటం, పెద్దదానికి 'ప్లాప్', 'గ్లగ్' వాడటం, మనం చిటపట చినుకులనీ, గొట్టంలో గుడగుడ అనీ అనడం ఈ తేడాను చెవితో పట్టుకున్నవే. సీసా తలకిందులు చేస్తే గ్లగ్ గ్లగ్ మనేదీ అందుకే: నీళ్ళు బయటికి పోవాలంటే గాలి లోపలికి రావాలి, వచ్చే ప్రతి పెద్ద బుడగా ఒక గ్లగ్. గొట్టంలోనూ సింకులోనూ అదే జరిగితే ఇంగ్లీషులో 'గర్గల్'. దీన్ని 'గార్గల్'తో కలపకండి. గొంతులో ఉప్పునీళ్ళు పోసుకుని మనిషి కావాలని చేసేది గార్గల్, మనకది పుక్కిలించడం.

చప్పుడు జంటమాటలోకి పోయాక తెలుగు నీటిక్రియలో మిగిలేది కదలిక. ఈ క్రియలు నాకు చాలా ఇష్టం, వాడకం తగ్గిపోతున్నందుకు బాధ కూడా. కారు, ఊరు, ఉబుకు, చిమ్ము, ఒలుకు, తొణుకు, పొంగు, పొర్లు, జాలువారు. చెలమలో నీరు ఊరుతుంది, కంట్లో నీరు ఉబుకుతుంది, పగిలిన గొట్టం నుంచి నీళ్ళు చిమ్ముతాయి. గిన్నెలోంచి బయటపడితే ఒలికినట్టు, గిన్నెలోనే అటూ ఇటూ ఊగితే తొణికినట్టు. 'స్లాష్' (slosh) అనే ఇంగ్లీషు క్రియకు తొణుకు దాదాపు అచ్చుగుద్దిన జోడీ. నిండుకుండ తొణకదన్న సామెత చెబుతున్నదీ అదే: పైదాకా నిండిన కుండలో ఊగడానికి ఖాళీ ఉండదు. అంత చక్కటి క్రియ ఉండగా 'బకెట్‌లో నీళ్ళు కదిలి శబ్దం చేశాయి' అని రాయాల్సిన అవసరం లేదు.

ప్రవాహాన్ని బట్టి ఎంచుకోవాలంటే ఇలా. విడివిడి చుక్కలైతే డ్రిప్: బొట్టుబొట్టుగా కారుతోంది. సన్నటి తెగని ధారైతే 'ట్రికిల్', దానికి చప్పుడు దాదాపు ఉండదు కాబట్టి జంటమాట పెట్టకండి: సన్నగా కారుతోంది, బుగ్గల మీదైతే జాలువారుతోంది. ఒక్కసారిగా బలంగా వస్తే 'గష్': ఉబికి వచ్చింది, ఎగజిమ్మింది. అలలు ఒడ్డునో పడవనో మెల్లగా తాకడం 'ల్యాప్'. కుక్క నాలుకతో నీళ్ళు తాగడానికీ ఇంగ్లీషులో ఇదే క్రియ. మనకు కుక్క గతుకుతుంది, అల తాకుతుంది. జంటమాటల్లోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. గలగల రాళ్ళ మీద పారే సన్నటి నీటిది, గాజులది, చిల్లర నాణేలది. వరద గోదావరికి గలగల అంటే నవ్వొస్తుంది, దానికి హోరు కావాలి. జలజల రాలేవాటిది: కన్నీళ్ళు, పూలు, ముత్యాలు. సలసల పలుచగా కాగేవాటిది, నీళ్ళూ నూనె. గంజీ పప్పూ కుతకుత ఉడుకుతాయి.

ఇంగ్లీషు చప్పుడు క్రియకు ఇంకో శక్తి ఉంది, దారిని కూడా మోస్తుంది. 'ద స్ట్రీమ్ గర్గల్డ్ డౌన్ ద హిల్' అన్నచోట పారింది అనే క్రియే లేదు. ఇది ఎప్పుడు కుదురుతుందంటే, చప్పుడు ఆ కదలిక వల్లే పుట్టినప్పుడు. లారీ వీధిలో 'రంబుల్' అవుతూ పోగలదు. కుక్క అరుస్తూ వీధి వెంట పోతే 'బార్క్‌డ్ డౌన్ ద స్ట్రీట్' అనడం ఇంగ్లీషుకు ఒప్పదు, అరుపు నడక వల్ల రాదు కదా. తెలుగులో ఈ షరతు అక్కర్లేదు, ఎందుకంటే మనం కదలికను విడిగా చెప్పాల్సిందే: వాగు గలగలా కొండ దిగింది. ఇంగ్లీషు వాక్యంలో 'డౌన్', 'ఇన్‌టు', 'ఓవర్' కనబడితే అదే మన క్రియ. దిగింది, దూకింది, పొర్లింది. చప్పుడు దాని ముందుకు రావాలి. ఈ వరస తారుమారైతే 'కొండ కిందికి గలగలలాడింది' లాంటి వాక్యాలు పుడతాయి.

ఇంగ్లండులో లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలోని లొడోర్ జలపాతం మీద రాబర్ట్ సౌదీ అనే కవి 1820లో పిల్లల కోసం రాసిన పద్యంలో ఇలాంటి క్రియలు పంక్తుల కొద్దీ 'ఇంగ్' రూపంలో వరస కడతాయి. తెలుగు చేసేవాళ్ళు వాటన్నిటికీ 'తూ' తగిలిస్తే రెండు పంక్తులకే ఊపిరాడదు. జంటమాటల్ని వరసగా పరిచి, క్రియను పంక్తి చివర ఒక్కసారి వాడితే పద్యం నడుస్తుంది.

చివరిగా, మాటకూ నీటికీ ఉమ్మడిగా ఉన్న క్రియలు. మర్మర్, బ్యాబుల్, గష్, 'స్పౌట్' ఇంగ్లీషులో రెంటికీ పనికొస్తాయి. తెలుగులోనూ గలగలా మాట్లాడతాం, గలగలా పారుతుంది. వాగు పారుతుంది, మనిషి వాగుతాడు. పోలిక చూసి మోసపోకూడదు, విలువలు వేరు. మన గలగల మెచ్చుకోలు. బ్యాబుల్ మనిషికి వాడితే అర్థంపర్థం లేని మాట, సెలయేటికి వాడితే మాత్రం ముచ్చట. కాబట్టి బ్యాబుల్ చేసే మనిషి తెలుగులో వాగాలి, బ్యాబుల్ చేసే ఏరు గలగలమనాలి. గష్ మనిషికి వాడితే అతిగా పొగడటం, అందులో కాస్త చిన్నచూపుంది. 'ఆమె మాటలు ఉబికి వచ్చాయి' అని రాస్తే నిజమైన ఆవేశం అనిపిస్తుంది, అర్థం తిరగబడుతుంది. అక్కడ 'తెగ పొగిడేసింది' అనాలి. 'స్పౌట్' చేసేవాడు ఎవరూ అడక్కుండానే ఉపన్యాసం దంచుతాడు. 'స్ప్లటర్' కోపంతోనో ఆశ్చర్యంతోనో మాట తడబడి, నోట్లోంచి తుంపర్లు కూడా పడేది. 'నత్తిగా అన్నాడు' అని రాయకండి, నత్తి 'స్టటర్'. మాటలు తడబడ్డాయి, తుంపర్లు పడ్డాయి అని రెండు ముక్కలు చేయండి, లేదా కథకు ఏది ముఖ్యమో అది ఉంచి రెండోది వదిలేయండి.

సంభాషణ చివర ప్రతిసారీ ఇవన్నీ మోసుకురావాలని లేదు. ఇంగ్లీషు నవలలో పేజీకి పది మాటక్రియలు మారినా, తెలుగు పాఠకుడికి 'అన్నాడు' పదిసార్లు వచ్చినా అడ్డు తగలదు, కంటికి ఆనకుండా జారిపోతుంది. అందుకే మూలంలో 'రిటార్టెడ్', 'ఎక్స్‌క్లెయిమ్డ్', 'రిమార్క్‌డ్' ఉన్నచోట అన్నాడు పెట్టండి. కసరడం, నసగడం, బుకాయించడం లాంటివి మనుషుల మధ్య లెక్క మారిన చోట్లకు అట్టిపెట్టుకోండి.